పులుసు బాగుంది, లిఫ్టే ముంచింది

మా చెల్లి రిసెప్షన్ నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఓ హోటల్ హాల్లో చేశాం. మూడొందల మందికని చెబితే మూడొందల అరవై మంది వచ్చారు, అయినా వంటవాళ్లు చేతులెత్తేయలేదు. చేపల పులుసైతే ముందురోజు రాత్రే కాచి పెట్టారట. మామిడికాయ పులుపు ముక్క లోపలిదాకా దిగింది. మా పెదనాన్న మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు, షుగరున్న మనిషి!

లిఫ్టు ఒక్కటే, అదీ ఎనిమిదింటికి ఆగిపోయింది. అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం రెండో అంతస్తుకు మోశాం. మేనేజరేమో "ఐదు నిమిషాలు సార్" అంటూ గంట గడిపేశాడు. జనరేటర్ డీజిల్‌కి విడిగా బిల్లేశారు, ముందు ఒక్క మాటైనా అనకుండా.

మొహర్రంకి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరిగే రోజుల్లో మాత్రం ఫంక్షన్ పెట్టుకోకండి. బయటూరి చుట్టాలకి గదులు దొరకడం కష్టం.