కోళ్లగూటికి ఆటోమేటిక్ తలుపు: రోజూ హాయి, తుఫాను రోజు మాత్రం కాదు

సాయంత్రాల్లో నా టెన్షన్ తగ్గించిన వస్తువు ఏదైనా ఉందంటే ఈ తలుపే. మా ఇల్లు, నాటుకోళ్లు కంకిపాడు దగ్గర, ఉద్యోగమేమో విజయవాడలో. బెంజి సర్కిల్ దాటి బయటపడేసరికే చాలా రోజులు చీకటి పడిపోతుంది, అప్పటిదాకా గూడు తెరిచి ఉంటే అడవిపిల్లి ఊరుకోదు. గంపల కింద మూసేద్దామంటే కోళ్లు అంత తక్కువేం కాదు, వాటి కోసం జీతానికి మనిషిని పెట్టుకునేంత ఎక్కువా కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది వెలుతురు సెన్సర్. కోళ్లు గడియారం చూసి గూటికి రావు కదా, వెలుతురు తగ్గేకొద్దీ వస్తాయి. మనకు నవంబరు చివర్లో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, జూలై మొదట్లో ఏడు కావస్తున్నా ఇంకా వెలుతురు ఉంటుంది. ఒట్టి టైమర్ తలుపైతే దాన్ని మాటిమాటికీ సరిచేస్తూ ఉండాలి. ఇది చీకటి పడ్డాక గాడిలో మెల్లగా కిందికి జారుతుంది, గుమ్మంలో ఇంకా ఏ పెట్టో నిలబడి ఉంటే దానికి తగలగానే వెనక్కి లేచి కాసేపాగి మళ్లీ దిగుతుంది. కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను.

2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, నేను విజయవాడలోనే ఇరుక్కుపోయాను. మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లగా మూసుకుపోయింది. కోళ్లన్నీ అరటిచెట్ల కింద, రేకుల పంచ కింద ముడుచుకుని ఉన్నాయి, తలుపేమో సాయంత్రమైందనుకుని మూసుకుపోయింది. పక్క చేను కౌలుకు చేసే బాబాయ్ ఫోన్ చేశాడు: "అమ్మాయ్, నీ కోళ్లు గూడు ముందర ముద్దగా తడిసి నిలబడున్నాయే. తలుపు చూస్తే పడిపోయుంది." బటన్ నొక్కి పట్టుకో బాబాయ్ అన్నాను. నొక్కాడు, లేచింది. నాలుగు కోళ్లు లోపలికి వెళ్లాయో లేదో, సెన్సర్‌కు చీకటే కనపడి మళ్లీ దిగింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ దిగింది. "దీనికి ఇంకా పొద్దుందని ఎవరు చెప్పాలమ్మా?" అన్నాడు వానలో గొడుగు పట్టుకుని.

చివరికి గుమ్మంలో ఇటుక పెట్టాడు. తలుపు ఇటుకకు తగలడం, లేవడం, మళ్లీ తగలడం, అలా కొన్నిసార్లు చేసి ఎర్రలైటు వెలిగించుకుని ఆగిపోయింది. అప్పుడు కోళ్లన్నిటినీ లోపలికి తోలి, గుమ్మానికి చెక్క అడ్డం పెట్టి, దానికి బండరాయి ఆనించాడు. ఒక పిల్లలకోడి మాత్రం అరటి బోదె పక్కన రెక్కలు విప్పి కూర్చుంది, కింద పిల్లలు సగం నీళ్లలో ఉన్నాయి. కరెంటు లేదు కాబట్టి బల్బు పెట్టి వెచ్చచేసే దారీ లేదు. వాటిని గంపలో వేసుకుని వాళ్లింటికి తీసుకెళ్లి పొయ్యి దగ్గర పెట్టాడు. కొన్ని దక్కాయి, కొన్ని దక్కలేదు. ఆ రాత్రి బాబాయ్ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే సెన్సర్ బాగానే పనిచేసింది కదండీ అన్నారు. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. సెన్సర్‌తో పాటు టైమర్ కలిపి పెట్టుకునే వీలు ఇందులోనే ఉంది, అలా పెడితే ఫలానా టైములోపు ఎంత చీకటైనా మూసుకోదు. మరి మబ్బు పడితే పరిస్థితేంటో పుస్తకంలో ఒక్క ముక్క రాయరా? తుఫాన్లొచ్చే కోస్తాలో అమ్ముతూ?

అప్పటినుంచి టైమర్ కలిపే వాడుతున్నాను, ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. కాకపోతే మొదట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. కందిరీగ సెన్సర్ మీద మట్టిగూడు కట్టిందంటే పొద్దెక్కినా తలుపు లేవదు, అందుకే అప్పుడప్పుడూ తుడవాలి. రోహిణి కార్తెలో తలుపు మూసుకున్నాక లోపల ఉక్క, రెండు వైపులా జాలీ కిటికీలు లేకపోతే కోళ్లు నోళ్లు తెరిచి ఎగరొప్పుతాయి. కొత్తగా ఎదిగిన పెట్టలు కొన్ని గూటికి రాకుండా మునగచెట్టు ఎక్కి పడుకుంటాయి, వాటి సంగతి ఈ తలుపుకు పట్టదు. పైగా ముంగిస, గద్ద, వీధికుక్కలు వచ్చేది పట్టపగలు, అప్పుడు తలుపు తెరిచే ఉంటుంది. పగటికి పొదలు, పందిళ్లు, దగ్గరలో ఓ మనిషి ఉండాల్సిందే. రాత్రికైనా తలుపొక్కటీ గట్టిగా ఉంటే చాలదు. మామూలు కోళ్ల జాలీని అడవిపిల్లి పీకేస్తుంది, అరంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ వేసి, కింది అంచును బయటివైపు అడుగు మేర మడిచి మట్టి కప్పితే తవ్వి దూరేవాటికీ దారి ఉండదు.

పొద్దుగూకే వేళకు మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారనుకుంటే ముందు ఆ డబ్బుతో జాలీ మార్చండి. నాలాగా రోడ్డు మీదే చీకటి పడేవాళ్లయితే కొనొచ్చు, నేనైతే పాడైనా మళ్లీ ఇదే కొంటానేమో. బిగించిన రోజే టైమర్ కలపండి, దాన్ని చేత్తో ఎలా ఆపాలో పక్కింటివాళ్లకు ఒకసారి చూపించి పెట్టండి.