1879 విల్ వైటా, 1884 రాడ్‌బర్నా? ఎవరి సీజన్ మేలు?

నాకు పాత బేస్‌బాల్ లెక్కల పిచ్చి ఉందని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, 1884లో పిచర్ (బంతి విసిరేవాడు) రాడ్‌బర్న్ ఆడిన సీజన్‌ని మించింది ఏదైనా ఉందా అని. ఉంది అనే అంటా, సిన్సినాటి పిచర్ విల్ వైట్‌ది, 1879. పేరెప్పుడూ వినలేదా, నా బాధ కూడా అదే.

రాడ్‌బర్న్‌ని తక్కువ చేయట్లేదు. ప్రావిడెన్స్ టీమ్‌కి 59 గెలుపులు (బేస్‌బాల్‌లో ప్రతి గెలుపూ, ఓటమీ ఒక పిచర్ ఖాతాలో రాస్తారు; 60 అనేవాళ్ళూ ఉన్నారు, ఇంకో పిచర్ ఐదు ఇన్నింగ్స్ వేసి లీడ్‌లో వదిలెళ్ళిన మ్యాచ్‌ని ఈయన ముగించాడు, అది ఎవరి ఖాతాలో రాయాలన్నదే గొడవ), 441 స్ట్రైక్‌అవుట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక ఔటవడం), ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 1.38. వైట్‌వి 43 గెలుపులు, 31 ఓటములు, 232 స్ట్రైక్‌అవుట్లు, 1.99. ఇంతవరకే చూస్తే అసలు పోటీయే లేదు.

ఇన్నింగ్స్ దగ్గరికి రండి (ఇక్కడ ఒక ఇన్నింగ్స్ అంటే మూడు ఔట్లు). వైట్ 680, రాడ్‌బర్న్ 678 మీద రెండు ఔట్లు, అంటే సీజన్ మొత్తానికీ తేడా నాలుగంటే నాలుగు ఔట్లు! వైట్ 75 మ్యాచులు మొదలెట్టి 75నీ తనే ముగించాడు, ఆ 680, ఆ 75 ఇప్పటికీ చెరగని రికార్డులే.

నా దృష్టిలో తేల్చేది మాత్రం పక్కన ఎవరున్నారు అన్నదే. ఆ ఏడు సిన్సినాటి 43 గెలిచి 37 ఓడింది, ఆ 43 గెలుపులూ వైట్‌వే, వేరేవాళ్ళ ఖాతాలో పడ్డ ఆరు ఫలితాలూ ఓటములే. ప్రావిడెన్స్ 84 గెలిచింది, రాడ్‌బర్న్‌వి పక్కన పెట్టినా ఇంకో 25 మిగులుతాయి.

ఒకటి ఒప్పుకోవాలి, వైట్ వేసింది 45 అడుగుల నుంచి, అండర్‌హ్యాండ్ (చెయ్యి కింద నుంచి), పైగా అప్పట్లో 9 బాల్స్ (గురి తప్పిన బంతులు) పడితేగానీ వాక్ (బ్యాటర్‌కి ఉచితంగా మొదటి బేస్) లేదు. రాడ్‌బర్న్ నాటికి దూరం 50 అడుగులు, వాక్‌కి 6 బాల్స్ చాలు. చెయ్యి ఎవరిది ఎక్కువ నొప్పెట్టి ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా నా ఓటు వైట్‌కే.

1886లో ఇంకో పిచర్ కిల్‌రాయ్ అంటారా, 513 స్ట్రైక్‌అవుట్లు సరే, 29 గెలిచి 34 ఓడాడు, వదిలేయండి.

అన్నట్టు వైట్ కళ్ళద్దాలు పెట్టుకునే ఆడేవాడు, అవతల క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) సొంత అన్న డీకన్ వైట్. రాడ్‌బర్న్ 1939లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితాకి) వెళ్ళాడు, అన్న 2013లో వెళ్ళాడు, తమ్ముడు ఇంకా బయటే ఉన్నాడు.