మా ఆయన నంబరు పిచ్చి, నా ఆన్‌లైన్ పని

గుంటూరులో మా మామగారి స్కూటరు నంబరు ఏపీ 07తో మొదలయ్యేది. చివరి నాలుగంకెలూ కూడితే తొమ్మిది. ఆ తొమ్మిది సెంటిమెంటు మా ఆయనతో పాటు విమానమెక్కి ఇంగ్లండులో రెడింగ్ దాకా వచ్చింది. పాప పుట్టినప్పుడు దాని పేరులా చదువుకోవచ్చని ఎస్‌తో మొదలయ్యే నంబరొకటి, ఇక్కడ బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ వాళ్ల సైట్లోనే 399 పౌండ్లు పోసి కొన్నారు. నంబరేమిటో ఇక్కడ రాయను, ఇంట్లో ఒప్పుకోరు.

ఇప్పుడు ఆ నంబరున్న యారిస్ కారును డీలరుకిచ్చి పెద్ద కారు తీసుకున్నాం. ఇక్కడ అలా కొన్న నంబరును తీసి మరో బండికి పెట్టుకోవచ్చు, కానీ తీయకుండా కారిచ్చేస్తే నంబరు కూడా దానితోనే పోతుంది. స్లౌలో ఉండే మా తమ్ముడి స్నేహితుడొకడు అలాగే పోగొట్టుకున్నాడు, పాపం. నంబరు తీయమని అడిగే హక్కు లాగ్‌బుక్‌లో, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితంలో, పేరున్నవాళ్లది. అందులో ఉన్నది నా పేరు. అందుకే పిచ్చి ఆయనది, పని నాది.

ఆదివారం సాయంత్రం టీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కారు నంబరు, లాగ్‌బుక్ మీదున్న 11 అంకెల రిఫరెన్సు, కార్డుతో 80 పౌండ్లు. అంతే. టీ చల్లారకముందే పని అయిపోయింది. ఏ ఆఫీసు చుట్టూ తిరగలేదు, ఏజెంటు లేడు, జిరాక్స్ కాపీలూ లేవు. బండికి రోడ్ ట్యాక్స్ కట్టి ఉండాలి, లేదా రోడ్డెక్కించడం లేదని ముందే చెప్పి ఉండాలి. మాది కట్టే ఉంది. తీసిన నంబరు వీ778 అనే కాగితం మీద పదేళ్లు మన పేరున ఉంటుంది. గడువు అయ్యేలోపు రెన్యువల్ చేసుకుంటే దానికి డబ్బు తీసుకోరు.

తప్పు ఎక్కడ చేశానంటే, బటన్ నొక్కగానే యారిస్‌కు దాని పాత నంబరు తిరిగి వచ్చేస్తుంది. రేపో ఎల్లుండో కాదు, అప్పుడే. ఆ మాట అక్కడ రాసే ఉంది, నేనే చదవలేదు. అంటే వీధిలో నిలబెట్టిన కారుకు ఇప్పుడు తప్పుడు ప్లేట్లు! ఆదివారం సాయంత్రం ప్లేట్లు చేసే షాపు ఏది తెరిచుంటుంది? సోమవారం పొద్దున ఏడింటికి నాకు ఆసుపత్రి వార్డులో డ్యూటీ. వానలో గొడుగేసుకుని బస్సు కోసం నిలబడి మా ఆయన్ని, ఆయన తొమ్మిదినీ కలిపి తిట్టుకున్నాను.

మధ్యాహ్నం షాపుకెళ్తే లైసెన్సు ఫోటో ఫోన్లో చూపిస్తే కుదరదన్నారు, ఒరిజినల్ కావాలట. మళ్లీ ఇంటికి. ఇక్కడ రిజిస్టరైన షాపులు కాగితాలు చూడకుండా ప్లేటు కొట్టవు. జత 28 పౌండ్లయింది, ముందుకు తెల్లది, వెనక్కి పసుపుది.

కొత్త కారు లాగ్‌బుక్ నా పేరున వచ్చాక రెండో విడత. ఈసారి తెలివొచ్చింది. వీ778 చూపించి ప్లేట్లు ముందే చేయించాం. కౌంటరులో కుర్రాడు "అక్షరాల మధ్య గ్యాప్ కాస్త తగ్గించనా, పేరులా కనిపిస్తుంది" అన్నాడు. మా ఆయన కళ్లు మెరిశాయి. గ్యాప్ మారిస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, బండికి చేసే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా పాస్ కాదు, ఒక్కోసారి నంబరే వెనక్కి తీసేసుకుంటారు. వద్దంటే వద్దన్నాను. తర్వాత స్క్రూడ్రైవరు ఆయన చేతిలో, ఫోను నా చేతిలో, ఇద్దరం కారు పక్కనే నిలబడి నంబరు ఎక్కించాం. దీనికి మళ్లీ ఫీజు లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఇక్కడ నంబరును బట్టి బండి ఏ ఏటిదో తెలుస్తుంది, అందుకే బండిని అసలు వయసు కంటే కొత్తదిగా చూపించే నంబరు పెట్టనివ్వరు. ఎస్‌తో మొదలయ్యే ఆ రకం నంబర్లు 1998 నాటివి కాబట్టి మాకు ఆ బెంగ లేదు.

ఇన్సూరెన్సు వాళ్లకు అదే రోజు ఫోన్ చేయండి. ఒక్క నంబరు మార్చినందుకు మా వాళ్లు 20 పౌండ్లు గుంజారు. డీవీఎల్ఏ తీసుకున్న 80 కంటే నాకు ఈ 20 ఎక్కువ మండింది. రోడ్ల టోళ్లకు ఆటోపే పెట్టుకున్నవాళ్లు అక్కడ కూడా నంబరు మార్చుకోవాలి.

ఆన్‌లైన్ సర్వీసుకు నా వైపు నుంచి అయిదుకు అయిదు. బస్సులో వెళ్లడం నా స్వయంకృతం.

యారిస్‌ను డీలరు దగ్గర వదిలే రోజు మా ఆయన దాని ప్లేటు వంక అదోలా చూస్తూ నిలబడ్డారు. 2013 చివర్లో రిజిస్టరైన బండి, నంబరులో 63 ఉంది. ఆరూ మూడూ తొమ్మిది. అన్నేళ్లు ఆ నంబరు తీసి పక్కన పెట్టించింది ఆయనే. ఇంటికొచ్చేదాకా నోరెత్తలేదు.