అరవై ఎనిమిదేళ్ల మైనరు

ఫోనులో వయసు నిరూపించుకోమనే తనిఖీతో ఏడాదికి పైగా వేగాక ఇది రాస్తున్నాను. 5కి 1 ఇస్తాను. ఆ ఒక్కటీ నా ముఖం చూసి తొందరగా వదిలేసినందుకు.

మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అత్తగారు గోంగూర, ఆవకాయ పెట్టి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లకు అమ్ముతారు. ఆర్డర్లన్నీ ఒక సోషల్ మీడియా యాప్ ద్వారానే. ఆవిడ ఫోను మనవడు వాడి వదిలేసింది. ఖాతా కూడా వాడు తెరిచిందే, అందులో ఉన్నది వాడి పుట్టిన తేదీ. యాప్ నిబంధనలు మారగానే ఆవిడ టీనేజర్ల లెక్కలో చేరిపోయారు. ఇక పరిచయం లేనివాళ్లెవరూ ఆవిడకు సందేశం పంపలేరు. కొత్తగా పచ్చడి కొనేది పరిచయం లేనివాళ్లే కదా! పైగా రాత్రి పది దాటితే నోటిఫికేషన్లు రావు. ఐటీ ఉద్యోగులకు ఆవకాయ గుర్తొచ్చేది సరిగ్గా ఆ వేళకే.

కొత్త ఖాతా తెరవవచ్చు కదా అంటారు. పాత గిరాకీ, వాళ్లు రాసిన మెచ్చుకోళ్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

తేదీ సరిచేయాలంటే గుర్తింపు కార్డు కావాలన్నారు. నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ పంపితే చెల్లదన్నారు. మనసొప్పకపోయినా పూర్తి కార్డు పంపాం. దాన్నీ తిప్పికొట్టారు, ఎందుకంటే అందులో పుట్టిన సంవత్సరమే ఉంది, తేదీ లేదు. జనన ధ్రువపత్రం లేని ఆ తరంలో చాలామంది కార్డులు అలాగే ఉంటాయి. 1957లో పుట్టిన మనిషికి 18 నిండాయో లేదో తేల్చడానికి తేదీ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ కార్డు ఫొటో ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ వాడేవాళ్లలో దాదాపు 70 వేల మంది గుర్తింపు పత్రాల ఫొటోలు బయటపడి ఉండవచ్చని ఆ సంస్థే చెప్పింది. అవి వయసు తేల్చుకోవడానికి ఇచ్చినవే.

మరి పిల్లలు ఆగారా? పదో తరగతి చదివే మావాడు తన కొత్త ఖాతాకు ముఖం చూసి వయసు అంచనా వేసే వీడియో సెల్ఫీ అడగగానే నాయనమ్మను ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టాడు. "ఇటు చూడు, ఇప్పుడు మెల్లగా కుడివైపు తిరుగు" అన్నాడు. ఆవిడ ఫొటో తీస్తున్నాడనుకుని కొంగు సర్దుకున్నారు. వాడు మేజరైపోయాడు. బ్రిటన్‌లోనూ 2025 జులై 25న వయసు తనిఖీలు తప్పనిసరి కాగానే, ఏ దేశం నుంచి వాడుతున్నామో దాచిపెట్టే వీపీఎన్ యాప్‌లు ఉచిత యాప్‌ల జాబితాలో పైకి ఎగబాకాయి.

మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఎవరు పిల్లలో తెలియాలంటే ముందు అందరినీ వయసు అడగాలి. కాగితాలు సరిగా లేని పెద్దలు చిక్కుకునేది అక్కడే.

ప్రస్తుతానికి కొత్త ఆర్డర్లను మనవడి ఖాతాకు మళ్లించాం. అది పెద్దల ఖాతా కాబట్టి రాత్రి పదకొండింటికి కూడా సందేశాలు మోగుతున్నాయి. పరీక్షల ముందు వాడికి ఫోను పక్కన పెట్టమని చెప్పే అధికారం కూడా మాకు పోయింది.