శాకాహారులూ, ఆ జపనీస్ రెస్టారెంట్‌లో ‘వెజ్ సెట్’ అంటే నమ్మకండి

ఇప్పుడే ఇంటికి వచ్చాం. మా ఆయన పడుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయి నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను.

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. హైదరాబాద్‌లో ఈ మధ్య పెళ్లిరోజైనా పుట్టినరోజైనా అందరూ ఫోటోలు పెడుతున్న చోటే అది. నల్ల గోడలు, కాగితపు దీపాలు, మనిషికి రెండు వేలు అడ్వాన్సు కడితే తప్ప టేబుల్ దొరకదు. నేను అన్నీ తింటాను. మా ఆయన పుట్టు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. అందుకే బుక్ చేసేటప్పుడే ఫోనులో అడిగాను, వాట్సాప్‌లోనూ రాసి అడిగాను, చేప, మాంసం, గుడ్డు తగలని సెట్ ఉంటుందా అని. ‘‘ఉంది మేడమ్, పూర్తి వెజ్’’ అని జవాబు. పక్కన ఆకు బొమ్మ కూడా పెట్టారు. మెనూలో ఆ సెట్‌కు పచ్చ చుక్క.

మొదట మీసో సూప్ వచ్చింది. ఆయనకు తెగ నచ్చేసింది, గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగారు. తర్వాత అగెదాషి తోఫు. వేయించిన తోఫు (సోయా పాల పనీర్) ముక్కలు, చుట్టూ పల్చటి రసం, పైన గులాబీ రంగు కలిసిన సన్నటి రేకులు. ఆవిరి తగిలి ఆ రేకులు వంగుతూ లేస్తూ వాటంతటవే కదులుతున్నాయి. ఆయన చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పడి ఒక ముక్క విరగ్గొట్టారు, ఈలోగా రేకుల నాట్యం చూసి ముచ్చటపడి ఫోను తీశారు. నాకు గుండె గుభేలుమంది. అవి కత్సువోబుషి. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా బిగుసుకుపోయే దాకా ఎండబెట్టి, చిత్రిక పట్టి తీసే రేకులు.

వెయిటర్‌ను పిలిస్తే ‘‘సారీ మేడమ్’’ అని పళ్లెం తీసుకువెళ్లాడు. కాసేపటికి ‘‘కొత్తది తెచ్చాను సార్’’ అంటూ వచ్చాడు. ఏం కొత్తది? ఆయన విరగ్గొట్టిన ముక్క విరిగినట్టే ఉంది! ఒక రేకు రసంలో నాని తోఫు అంచుకు అతుక్కునే ఉంది. పైనవి ఏరేసి అదే పళ్లెం మళ్లీ తెచ్చి, కొత్తదని నవ్వుతూ చెప్పాడు.

మేనేజర్ వచ్చాడు. ఈ రసం దేనితో చేశారని అడిగాను. దాషి అన్నాడు, అంటే వాళ్ల వంటల్లో మూలంగా వాడే పల్చటి రసం. దాషి దేనితో? దిక్కులు చూసి, వంటగదిలోకి వెళ్లి వచ్చి, కొంబు అనే సముద్రపు నాచు, చేప రేకులు అన్నాడు. మరి ఇందాక తాగిన సూప్? అదే దాషి. టెంపూరా బజ్జీల పక్కన ఇచ్చే సాస్? అదీ అదే. ‘‘కానీ చేప ముక్కలు ఉండవు మేడమ్, రుచి కోసం అంతే.’’ ఆహా! ఆ లెక్కన మటన్ పులుసులో ముక్కలు తీసేస్తే అదీ వెజ్జే.

ఆ మాటే అన్నాను. దానికి ఆ పెద్దమనిషి, పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పి చూసేంత గట్టిగా, ‘‘మీకు జపనీస్ భోజనం అలవాటు లేనట్టుంది. చేప దాషి లేకుండా జపనీస్ వంటే లేదు’’ అన్నాడు.

ఎందుకు లేదు నాయనా? జపాన్‌లోనే బౌద్ధ ఆలయాల్లో శోజిన్ ర్యోరి అని చేపా మాంసం లేని వంట వందల ఏళ్లుగా ఉంది. ఒట్టి కొంబుతోనూ ఎండు షీటాకే పుట్టగొడుగులతోనూ దాషి తీస్తారు. మీకు చేతకాక కాదు, ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టడానికి బద్ధకం. ఇదంతా అక్కడ నోటికి రాలేదు, ఇప్పుడు వస్తోంది!

మా ఆయన ఒక్క మాట అనలేదు. లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చి, ‘‘పోనీలే, పద’’ అన్నారు. సరిగ్గా అప్పుడే సిబ్బంది గుంపుగా చప్పట్లు కొడుతూ, పాడుతూ, చాక్లెట్‌తో పెళ్లిరోజు శుభాకాంక్షలు రాసిన పళ్లెం మోసుకొచ్చారు. మచ్చా ఐస్‌క్రీమ్, దాని మీద కొవ్వొత్తి. ఆర్పమంటారు! ఆ మేనేజర్ కూడా చప్పట్లు కొట్టాడండీ.

ఇక బిల్లు. సగం కూడా తినని రెండు సెట్లకూ పూర్తి ధర. కానుక అనుకున్న ఆ ఐస్‌క్రీమ్ పళ్లెం 650 రూపాయలు. పైన 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద మళ్లీ జీఎస్టీ. మా ఆయనకు చేప తాగించిన సేవకు రుసుమన్నమాట. సర్వీస్ ఛార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అది చెబితే ‘‘అది ఢిల్లీలో మేడమ్’’ అంటాడు! గొంతు పెంచాక దాన్ని మాత్రం తీసేశారు. మిగతాదంతా కట్టే వచ్చాం.

శాకాహారులు ఎవరైనా వెళ్లాలనుకుంటే, వెజ్ ఉందా అని అడగకండి, ఉందనే అంటారు. దాషి దేనితో తీస్తారో అడగండి, సూప్‌కు, తోఫుకు, టెంపూరా సాస్‌కు విడివిడిగా. సర్వీస్ ఛార్జీ తీయమంటే మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఏది అడిగినా అడ్వాన్సు కట్టకముందే అడగండి. ‘పూర్తి వెజ్’ అన్న వాళ్ల జవాబునే ఫోటో తీసి, దీని సంగతేమిటని ఇందాక వాళ్లకు పంపాను. నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.