స్పెక్ ఆప్స్ ది లైన్, దిస్ వార్ ఆఫ్ మైన్: ఒక్కటే ఆడాలంటే ఏది మేలు?

షూటర్ గేములు ఏళ్ల తరబడి ఆడాను. వాటిలో చచ్చేవాడికి పేరుండదు, ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్లూ ఉండరు. కాల్చామా, ముందుకెళ్లామా, అంతే. ఈ అలవాటు గురించి నన్ను ఆలోచనలో పడేసినవి రెండు గేములు. ఒకటి 2012లో బెర్లిన్‌లోని యాగర్ స్టూడియో తీసిన స్పెక్ ఆప్స్ ది లైన్. రెండోది 2014లో పోలండ్‌కు చెందిన ఎలెవెన్ బిట్ స్టూడియోస్ తెచ్చిన దిస్ వార్ ఆఫ్ మైన్.

స్పెక్ ఆప్స్ మొదట మామూలు షూటర్‌లాగే ఉంటుంది. ఇసుక తుఫానుల్లో కూరుకుపోయిన దుబాయ్. అక్కడ చిక్కుకున్న కల్నల్ కాన్రాడ్ కోసం మనం ఆడే కెప్టెన్ వాకర్, అతని జట్టులోని ఆడమ్స్, లూగో వెళ్తారు. చూస్తుండగానే అమెరికన్ సైనికులు అమెరికన్ సైనికులనే కాల్చుకునే దాకా వస్తుంది.

ఇక వైట్ ఫాస్ఫరస్ సీను. అంటే మనుషుల్ని కాల్చేసే రసాయనం, దాన్ని శత్రువుల మీద వేయాలి. వేరే దారి ఎప్పుడూ ఉంటుందని లూగో అంటాడు, లేదంటాడు వాకర్. పైనుంచి కెమెరా చూపించే దృశ్యంలో మనుషులు తెల్లటి చుక్కల్లా కదులుతుంటారు. మనం గురిచూసి మోర్టార్‌తో, అంటే చిన్న ఫిరంగితో, దాన్ని పేలుస్తాం. ఆ స్క్రీన్ మీద వాకర్ ముఖం నీడలా కనిపిస్తూనే ఉంటుంది. చివర్లో ఒకచోట చుక్కలు గుంపుగా ఉంటాయి, వాటి మీదా వేసేస్తాం. తర్వాత ఆ పొగలోంచి నడిచి వెళ్లాలి. ఆ గుంపు సైనికులు కాదు, తలదాచుకోవడానికి వచ్చిన జనం. కాలిపోయిన ఒక తల్లి చెయ్యి, ఒళ్లో ఉన్న బిడ్డ కళ్ల మీద అలాగే ఉండిపోయింది. నేను కంట్రోలర్ పక్కన పెట్టేశాను.

అయితే ఇక్కడే నాకొక పేచీ ఉంది. మోర్టార్ వాడకుండా తుపాకులతోనే నెగ్గుదామని చాలాసేపు చూశాను. శత్రువులు వస్తూనే ఉంటారు, చివరికి చావాల్సిందే. దారి మూసేసి, ఆ పైన 'ఇప్పుడైనా హీరోలా అనిపిస్తోందా' అని లోడింగ్ స్క్రీన్ మీద అడగడం అన్యాయమనిపించింది. ఇదే గేములో తర్వాత లూగోను జనం ఉరితీసే చోట మాత్రం నిజమైన దారి ఉంది. కోపంతో గుంపును కాల్చేయొచ్చు, గాల్లోకి కాల్చి చెదరగొట్టొచ్చు. గాల్లోకి కాల్చొచ్చని ఎవరూ చెప్పరు, మనకే తట్టాలి. నా దృష్టిలో మోర్టార్ సీను కంటే ఇది గొప్పది.

దిస్ వార్ ఆఫ్ మైన్‌లో అలాంటి చోట్లు అడుగడుగునా వస్తాయి. 1992 నుంచి 1996 దాకా బోస్నియా రాజధాని సరయేవో మీద సాగిన ముట్టడి దీనికి ప్రేరణ. మనం సైనికులం కాదు. శిథిలమైన ఇంట్లో బతుకీడుస్తున్న మామూలు మనుషులం: వంట బాగా చేసే బ్రూనో, ఫుట్‌బాల్ ఆడిన పావ్లే, జర్నలిస్టు కాట్యా. పగలు బయటికెళ్తే స్నైపర్ల భయం. ఇంట్లోనే స్టవ్వు, మంచం చేసుకోవాలి, రాత్రి ఒకరు వెళ్లి దొరికింది తేవాలి.

నా ఆటలో బ్రూనోకు జబ్బు చేసింది, మందుల్లేవు. ఒక ముసలి దంపతుల ఇంటికి పావ్లేను పంపాను. వాళ్ల దగ్గర ఆయుధాల్లేవు, ఎదిరించరు. ఆ పెద్దాయన వెనకాలే వస్తూ తీసుకెళ్లొద్దని బతిమాలతాడు. తీసుకున్నాను. మర్నాడు పావ్లే దిగాలుగా కూర్చున్నాడు. ఆ దిగులు ముదిరితే మనిషి పనిచేయడు, ఇల్లు విడిచి పోతాడు, ప్రాణం కూడా తీసుకోవచ్చు. వెంటనే వెనక్కెళ్లి తప్పు దిద్దుకునే వీల్లేదు, తెల్లారగానే గేమ్ తనంతట తనే సేవ్ అయిపోతుంది. ఆ రాత్రి నన్నెవరూ బలవంతపెట్టలేదు. అందుకే ఆ పెద్దాయన నాకింకా గుర్తున్నాడు.

కాబట్టి ఒక్కటే ఆడే తీరికుంటే దిస్ వార్ ఆఫ్ మైన్ ఆడండి. 2020లో పోలండ్ ప్రభుత్వం దీన్ని స్కూలు పిల్లలకు సిఫార్సు చేసే జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది కూడా. కాకపోతే ఓపిక కావాలి, మొదటి రెండు మూడు రోజులు నత్తనడకే. రోజూ షూటర్లే ఆడేవాళ్లకు మాత్రం స్పెక్ ఆప్స్ తగిలినంత గట్టిగా ఇంకేదీ తగలదు. దాన్ని 2024 జనవరిలో ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. అంతకుముందే కొనుక్కున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీరు కొన్న గేముల లైబ్రరీలో ఎక్కడో పడి ఉందేమో ఓసారి వెతకండి.