70 బార్ కూలెంట్: చిప్ తెగింది, గేజీని మాత్రం నమ్మకండి

లేత్ మీద ఇన్‌కోనెల్ 718 (వేడికి తట్టుకునే గట్టి నికెల్ మిశ్రమలోహం) తిప్పేవాళ్లకి ఇన్సర్ట్ (లోహాన్ని కోసే, అరిగితే మార్చుకునే చిన్న ముక్క) ఎంత తొందరగా పోతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే నేరుగా మా టర్నింగ్ సెంటర్‌కి (కంప్యూటర్‌తో నడిచే లేత్) పెట్టించిన 70 బార్ హై ప్రెజర్ కూలెంట్ (కోసే చోట ఒత్తిడితో కొట్టి చల్లబరిచే ద్రవం) దగ్గరికి వస్తాను. పెట్టించి రెండేళ్లు దాటింది. కొత్త మోజులో రాస్తున్నది కాదు.

టూల్ లైఫ్ కోసం కొన్నాం గానీ, నాకు బాగా నచ్చింది చిప్ (కోసేటప్పుడు ఊడివచ్చే లోహపు పట్టీ) తెగడం. మామూలు కూలెంట్‌తో ఈ మెటల్ చిప్ ఓ పట్టాన తెగదు. సాగి సాగి జాబ్‌ని పట్టుకునే చక్‌కి చుట్టుకుంటుంది, ఫినిష్ చేసిన చోట గీతలు పెడుతుంది. ఆపరేటర్ మెషీన్ ఆపి కొక్కెంతో లాగాలి. పాస్ (ఒక విడత కోత) మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టే చోట పొర అప్పటికే గట్టిపడి ఉంటుంది, దాంతో ఇన్సర్ట్ అంచు లేచిపోతుంది. ఇప్పుడు ధార ఇన్సర్ట్‌ని పట్టుకునే హోల్డర్‌లోంచే వచ్చి చిప్‌కీ ఇన్సర్ట్‌కీ మధ్య సందులోకి కొడుతోంది. చిప్ చిన్న చిన్న తునకలై కన్వేయర్ మీద పడుతోంది. మొదటి జాబ్ పెట్టినప్పుడు మా సీనియర్ ఆపరేటర్ తలుపు అద్దంలోంచి చాలాసేపు చూసి, "మెటీరియల్ మారలేదు కదా అన్నా?" అని అడిగాడు.

వేడి సంగతీ అంతే. ఈ మెటల్ వేడిని లాగేసే శక్తి మామూలు స్టీలులో నాలుగో వంతు కూడా ఉండదు. చిప్‌తో, జాబ్‌తో పోవాల్సిన వేడి అంచు మీదే నిలబడుతుంది. పైనుంచి పోసే కూలెంట్ అక్కడికి చేరేలోపే ఆవిరైపోతుంది. ఒత్తిడితో వచ్చే ధార ఆ ఆవిరి పొరను చీల్చుకుని వెళ్తుంది.

ఇక నా కోపం. ఒక నైట్ షిఫ్ట్‌లో ఖరీదైన ఫోర్జింగ్ రింగ్ మీద రఫింగ్ (మొదటి ముతక కోత) నడుస్తుండగా ఇన్సర్ట్ ఉన్నట్టుండి కాలిపోయింది. జాబ్ మీద నీలం నలుపు కలిసిన పట్టీ. గేజీ చూస్తే సరిగ్గా 70. అలారం లేదు. కంపెనీ సర్వీసు కుర్రాడు వచ్చి, గేజీ చూసి, రిపోర్టులో 'ప్రెజర్ ఓకే' అని రాసి సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. హోల్డర్ విప్పించి చూస్తే, మిల్లీమీటరు నాజిల్ రంధ్రంలో సన్నటి చిప్ ముక్క, దాని వెనక బురదలా పేరుకున్న పొడి. ఫిల్టర్ బ్యాగ్ కుట్టు దగ్గర విడిపోయి ఉంది. అసలు జరిగిందేమిటంటే, నాజిల్ మూసుకుపోయినా పంపు దగ్గర ఒత్తిడి తగ్గదు. కూలెంట్ రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే వాల్వ్) గుండా హాయిగా ట్యాంకులోకి తిరిగి పోతుంది. గేజీ ఉన్నది పంపు దగ్గర, కాలుతున్నది ఇన్సర్ట్ దగ్గర. ధార తగ్గితే పసిగట్టే ఫ్లో స్విచ్ ఉంటే మెషీన్ దానంతటదే ఆగేది. అది 'ఆప్షన్' అట, కొటేషన్‌లో ఎక్కడా ఆ ఊసే లేదు.

తర్వాత సొంత ఖర్చుతో స్విచ్ వేయించాం, ఇంకా సన్నటి ఫిల్టర్ బ్యాగ్ పెట్టాం. ప్రతి బ్యాచ్ ముందు స్పిండిల్ ఆపి, తలుపు మూసి, ధార చూస్తాం. బాగుంటే ఒకే గీతలా ఇన్సర్ట్ మొన మీద పడుతుంది. మూసుకుపోవడం మొదలైతే పక్కకి విచ్చుకుంటుంది, అది కంటికే తెలిసిపోతుంది.

టూల్ లైఫ్ రెట్టింపైందని మొదట్లో చాలామందికి చెప్పాను. ఆ మాట రఫింగ్ వరకే, అదీ కట్ తెగకుండా నడిచే జాబ్‌లకే. డెప్త్ గీత దగ్గర (కోత లోతు ముగిసే చోట) ఇన్సర్ట్ అంచు మీద పడే నాచ్, అంటే గంటు, మాత్రం ఇంకా పడుతూనే ఉంది. దాన్ని తగ్గించింది పంపు కాదు. గుండ్రటి ఇన్సర్ట్, 45 డిగ్రీల అప్రోచ్ (అంచు జాబ్‌లోకి వాలుగా దిగే కోణం), పాస్ పాస్‌కీ డెప్త్ మార్చి రాసిన ప్రోగ్రాం తగ్గించాయి. సగం మెప్పు మా ప్రోగ్రామర్‌కే ఇవ్వాలి. ఫినిషింగ్‌లో, గాడులున్న జాబ్‌ల మీద పెద్ద తేడా నాకు కనిపించలేదు.

నురగ బాధ వేరే. బోరు నీళ్లు మంచివి కావని ఆర్‌ఓకి మారితే నురగ ఇంకా పెరిగింది. మెత్తటి నీళ్లకి నురగ ఎక్కువ. చివరికి హై ప్రెజర్‌కి పనికొచ్చే, నురగ తక్కువ వచ్చే కూలెంట్ కొనాల్సి వచ్చింది. సైకిల్ అవగానే తలుపు తీస్తే మంచు పొగలా మొహానికి కొడుతుంది, కాబట్టి మిస్ట్ కలెక్టర్ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.

మా దగ్గర నెలలో ఎక్కువ రోజులు ఇన్‌కోనెల్, టైటానియమే నడుస్తాయి, అందుకే గిట్టుబాటైంది. బాలానగర్‌లో ఈఎన్ 8 (మామూలు కార్బన్ స్టీలు) షాఫ్టులు తిప్పుకుంటూ ఎప్పుడో ఒక గట్టి జాబ్ పట్టుకునేవాళ్లు ముందు గుండ్రటి ఇన్సర్ట్‌లు, మెషీన్ మామూలు పంపుతోనే నడిచే నాజిల్ హోల్డర్ ఒకటి కొని చూడటం మేలు. రెండో మెషీన్‌కీ 70 బార్ పెట్టించాలనే నాకూ ఉంది, ఫ్లో స్విచ్ కొటేషన్‌లోనే రాసిచ్చేవాళ్లు దొరికితే.